జ్వరం తగ్గినట్టే ఉంది, ఆదివారం ట్రాక్ ఎక్కొచ్చా?

ప్రశ్న: అన్నా, నాకు 27 ఏళ్లు, మాది విజయవాడ. పోలో జీటీ నడుపుతున్నాను. ఈ ఆదివారం చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో నా మొదటి ట్రాక్ డే, అంటే మన సొంత కార్లని రేస్ ట్రాక్ మీద నడుపుకునే రోజు. నాలుగు నెలల కిందటే డబ్బు కట్టాను, వెనక్కి ఇవ్వరు. బ్రేక్ ప్యాడ్లు, బ్రేక్ ఫ్లూయిడ్ మార్పించాను, హెల్మెట్ కొన్నాను. ఇంకో ముగ్గురు ఫ్రెండ్స్ కూడా వాళ్ల వాళ్ల కార్లలో వస్తున్నారు. మంగళవారం సాయంత్రం చలితో జ్వరం మొదలై 102 దాకా వెళ్లింది. ఒళ్లు నొప్పులు, కళ్ల వెనక నొప్పి. బుధవారం కూడా అంతే. ఈరోజు గురువారం, డోలో వేసుకుంటే 99కి దిగింది. ముక్కు కారుతోంది, దగ్గు ఉంది. రాత్రిళ్లు జలుబు బిళ్ల వేసుకుంటేనే నిద్ర పడుతోంది. శనివారం మధ్యాహ్నం బయల్దేరాలి. ఆదివారానికి పూర్తిగా తగ్గిపోతుందని నా నమ్మకం. పొద్దున ఒక డోలో వేసుకుని ఎక్కేస్తే సరిపోదా? అమ్మ వద్దంటోంది. ఫ్రెండ్స్ మాత్రం "ముందు రా, అక్కడికి వచ్చాక చూద్దాం" అంటున్నారు. మీరేమంటారు?

సమాధానం: తమ్ముడూ, జవాబు ముందే చెప్పేస్తాను. ఈ ఆదివారం ట్రాక్ ఎక్కొద్దు. చెన్నై దాకా స్టీరింగ్ పట్టుకుని వెళ్లనూ వద్దు. "మెల్లగా రెండు సెషన్లు తిరిగి దిగిపో" లాంటి మధ్యేమార్గం నీ విషయంలో నాకు కనిపించడం లేదు. నాలుగు నెలలు ఎదురుచూసినవాడికి ఈ మాట మింగుడుపడదని తెలుసు. అందుకే ఎందుకు వద్దంటున్నానో వివరంగా రాస్తున్నాను. నీ ఉత్తరం గురువారం రాత్రి వచ్చింది, శుక్రవారం పొద్దున్నే జవాబు పెడుతున్నాను, బయల్దేరేలోపు నీకు అందాలని.

నేను డాక్టర్‌ని కాను. ట్రాక్ డేల్లో కొత్తగా వచ్చినవాళ్ల పక్క సీట్లో కూర్చుని ఎక్కడ బ్రేక్ వేయాలి, ఎక్కడ తిప్పాలి అని నేర్పిస్తుంటాను. కాబట్టి ఒంటి గురించి నేను రాసేదంతా నిన్ను డాక్టర్ దగ్గరికి పంపించడానికే అనుకో.

నీ ఉత్తరంలో నాకు భయం పుట్టించింది ఆ 99. ఆగస్టు నెల. ఉన్నట్టుండి చలితో వచ్చిన జ్వరం, ఒళ్లు నొప్పులు, కళ్ల వెనక నొప్పి. మన ఊళ్లలో ఈ కాలంలో ఇవన్నీ కలిసి వస్తే ఏ డాక్టరైనా ముందు డెంగీ ఉందేమో చూద్దాం అంటారు. నీకు ముక్కు కారుతోంది, దగ్గు ఉంది కాబట్టి మామూలు ఫ్లూ జ్వరమే కావచ్చు. అలాగే కావాలని కోరుకుంటున్నాను. కానీ రక్తపరీక్ష చేయించకుండా అది నువ్వూ చెప్పలేవు, నేనూ చెప్పలేను. ఉత్తరంలో ఎక్కడా టెస్ట్ మాట లేదు.

డెంగీ అయితే, జ్వరం దిగడం మొదలైన ఒకటి రెండు రోజులే అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సిన రోజులు. చాలామంది ఇక్కడే మోసపోతారు. ఒళ్లు చల్లబడింది కదా అని ఆఫీసుకి వెళ్లిపోతారు, పెళ్లికి వెళ్లిపోతారు. సరిగ్గా అప్పుడే, అంటే జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, ప్లేట్‌లెట్లు పడిపోవచ్చు, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి కారవచ్చు, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. మంగళవారాన్ని మొదటి రోజుగా లెక్కేసుకో. ఆదివారం ఆరో రోజు. నువ్వు "పూర్తిగా తగ్గిపోతుంది" అనుకుంటున్న రోజు ఆ గడువు మధ్యలో ఉంది.

ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్న మనిషికి ట్రాక్ మీద ఏమవుతుందో ఆలోచించు. గట్టిగా బ్రేక్ వేసిన ప్రతిసారీ సీట్ బెల్ట్ భుజాన్నీ, పొత్తికడుపునీ ఒత్తుతుంది. మలుపుల్లో మోకాలు డోర్‌కి తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాడికి అవేవీ లెక్కలోకి రావు, ఇంటికెళ్లాక చూసుకుంటే ఒక చిన్న కమిలిన మచ్చ కనిపిస్తుంది, అంతే. కారు అదుపు తప్పి టైర్ల గోడకి తగిలితే మాత్రం సంగతి వేరు. మామూలుగా పక్కటెముక నొప్పితో బయటపడే దెబ్బ, రక్తం గడ్డకట్టని ఒంట్లో లోపల రక్తస్రావంగా మారొచ్చు. అక్కడ అంబులెన్స్ ఉంటుంది, నిజమే. అంబులెన్స్‌లో ఉన్నవాళ్లకి నీ ప్లేట్‌లెట్ల సంఖ్య తెలియదు కదా.

ఇంకో మాట, ఇది ఆదివారంతో సంబంధం లేకుండా. ఒళ్లు నొప్పులకని బ్రూఫెన్, డిస్ప్రిన్ లాంటివి వేసుకోకు. డెంగీ కాదని తేలేదాకా అవి ముట్టుకోకు, డెంగీలో అవి రక్తస్రావం ప్రమాదాన్ని పెంచుతాయి. పారాసెటమాల్ ఒక్కటే, అదీ డాక్టర్ చెప్పిన లెక్కలోనే.

ఇక ఆ డోలో సంగతి. పారాసెటమాల్ జ్వరాన్ని దించుతుంది, జ్వరం తెచ్చిన జబ్బుని ముట్టుకోదు. ఇంజిన్ వేడెక్కిందని డ్యాష్‌బోర్డు మీద ఎర్ర లైటు వెలిగితే ఆ బల్బు పీకేసి బండి నడిపినట్టు ఉంటుంది, ట్రాక్ డే పొద్దున జ్వరం బిళ్ల వేసుకోవడం. దాని పని నాలుగు నుంచి ఆరు గంటలు. ఆరింటికి వేసుకుంటే ఏడింటి రిపోర్టింగ్‌కి, డ్రైవర్స్ బ్రీఫింగ్‌కి హాయిగానే ఉంటావు. మొదటి సెషన్ కూడా బాగానే గడుస్తుంది. పదీ పదకొండు మధ్యలో, చెన్నై ఎండ నడినెత్తికి వస్తున్నప్పుడు, నువ్వు కొంచెం ధైర్యం తెచ్చుకుని స్పీడ్ పెంచుతున్నప్పుడు, దాని బలం తగ్గుతుంది. అప్పుడు హెల్మెట్‌లోపల చెమట పడుతుంటే అది ఎండకో, టెన్షన్‌కో, తిరిగొచ్చిన జ్వరానికో నీకు తెలియదు.

రాత్రి వేసుకుంటున్న జలుబు బిళ్ల ఇంకా పెద్ద చిక్కు. దాని అట్ట తిప్పి చూడు. మన షాపుల్లో దొరికే చాలా జలుబు బిళ్లల్లో క్లోర్‌ఫెనిరమైన్ ఉంటుంది. అది నిద్ర తెప్పించే రకం. రాత్రి నిద్రపట్టడం దాని పుణ్యమే. అది ఒంట్లోంచి పూర్తిగా పోవడానికి ఒక రాత్రి చాలదు, మర్నాటి పొద్దున కూడా మత్తు మిగిలి ఉంటుంది. సెట్రిజిన్ దానికంటే నయమే, అయినా కొందరికి అదీ మగతగా ఉంటుంది. దగ్గు సిరప్‌లో కోడీన్ లాంటిది ఉంటే చెప్పనే అక్కర్లేదు. "ఈ మందు వాడినప్పుడు వాహనం నడపరాదు" అని చిన్న అక్షరాల్లో రాసేది మామూలు రోడ్డు మీద నలభైలో వెళ్లే మనిషి కోసం. నువ్వు వెళ్లేది అక్కడికి కాదు కదా.

పక్క సీట్లోంచి నాకు కనిపించేది చెబుతాను. నలతగా ఉన్న డ్రైవర్‌ని రెండో ల్యాప్‌లోనే గుర్తుపట్టొచ్చు. మొదట మారేది చూపు. బాగున్నవాడు మలుపులోకి దిగకముందే దాని చివర ఎక్కడికి తేలుతుందో అక్కడికి చూస్తాడు. ఒంట్లో బాగోలేనివాడి కళ్లు బానెట్ ముందు కొద్ది దూరంలోనే ఆగిపోతాయి. రోడ్డు తన మీదికి వచ్చిపడుతున్నట్టు ఉంటుంది కాబట్టి స్టీరింగ్‌ని పిండేసినట్టు పట్టుకుంటాడు. వేళ్ల కణుపుల దగ్గర చర్మం తెల్లబడుతుంది. నేను "బ్రేక్" అన్నాక కాలు కదలడానికి పట్టే సమయం పెరుగుతుంది. అది ఎంతో కాదు, రెప్పపాటు. కానీ గంటకి 140 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకి దాదాపు 39 మీటర్లు పోతుంది. సెకనులో మూడో వంతు ఆలస్యం అంటే 13 మీటర్లు, అంటే మలుపులోకి దిగాల్సిన చోటు దాటిపోయి మట్టిలోకి. తర్వాత జెండాలు. ట్రాక్ పక్కన జెండాలు చూపించే సిబ్బంది ఉండే మార్షల్ పోస్టులో పసుపు జెండా ఊపుతుంటే, అంటే ముందు ఎవరో ఆగిపోయారు, ఓవర్‌టేక్ చేయొద్దు, నెమ్మదించు అని, నేను వేలు పెట్టి చూపించేదాకా కనబడదు. అద్దంలో వెనకనుంచి వచ్చే కారు కూడా అంతే.

అప్పుడు "ఎలా ఉంది?" అని అడిగితే ప్రతివాడూ "బానే ఉంది అన్నా" అంటాడు. అబద్ధం చెప్పడు. నిజంగానే బాగున్నట్టు అనిపిస్తుంది అతనికి. జబ్బు చేతుల్నీ కాళ్లనీ నెమ్మదింపజేసినట్టే, నెమ్మదించామని గమనించే బుర్రని కూడా నెమ్మదింపజేస్తుంది. "అక్కడికి వచ్చాక చూద్దాం" అన్న మాట నాకు అందుకే నచ్చలేదు. అక్కడ చూడాల్సింది ఎవరు? జ్వరంతో ఉన్న నువ్వే. అదీ ఎప్పుడు? ఎనిమిది గంటలు ప్రయాణం చేసి, డబ్బు పోతుందన్న బాధతో, చుట్టూ ఇంజిన్లు స్టార్ట్ అవుతుంటే, ఫ్రెండ్స్ హెల్మెట్లు పెట్టుకుంటుంటే. ఆ క్షణంలో "నేను ఎక్కను" అనగలిగేవాళ్లు ఎంత తక్కువమందో నేను చూశాను. నిర్ణయం ఇంట్లోనే జరిగిపోవాలి, థర్మామీటర్ పక్కన పెట్టుకుని.

ఒట్టి జలుబు కూడా రియాక్షన్‌ని నెమ్మదిస్తుందని పరిశోధనల్లో తేలింది. దానికి తోడు తుమ్ములు. తుమ్మినప్పుడు కళ్లు మూసుకుంటాయి, తల ముందుకి విసురుతుంది. ఆ ట్రాక్‌లో స్ట్రెయిట్ అయిపోగానే వచ్చే సీ వన్ చాలా వేగంగా తీసుకునే మలుపు. అక్కడ ఒక తుమ్ము చాలు. ముక్కూ చెవీ దిబ్బడేసి ఉంటే చెవి లోపలి భాగం, మన ఒంటి బ్యాలెన్స్ చూసుకునేది, అది కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు. మామూలుగా కూర్చుంటే ఏమీ తెలియదు, వరసగా ఎడమకీ కుడికీ విసిరే మలుపుల్లో కళ్లు తిరుగుతాయి, కడుపులో తిప్పుతుంది. ఫుల్ ఫేస్ హెల్మెట్‌లో వాంతి వస్తే ఏమిటన్నది వివరించనక్కర్లేదు.

వేడి గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి వచ్చేవాళ్లు దీన్ని అసలు లెక్కలోకి తీసుకోరు. ట్రాక్ మీద చాలామంది ఏసీ ఆపేస్తారు. ఫుల్ చేతుల కాటన్ బట్టలు, బూట్లు, హెల్మెట్. ఆగస్టులో చెన్నై పక్కన తారు మీద. ఆరోగ్యంగా ఉన్నవాడే ఇరవై నిమిషాల సెషన్ తర్వాత తడిసిపోయి దిగుతాడు. జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పదిసార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. దాని మీద ఎండ, దాని మీద మొదటిసారి ట్రాక్ ఎక్కిన టెన్షన్. మూడు రోజులుగా నువ్వు సరిగ్గా తిని ఉండవు, నీళ్లు సరిగ్గా తాగి ఉండవు. వైరల్ జ్వరాల్లో కొద్దిమందికి గుండె కండరానికి కూడా వాపు వస్తుంది, అది బయటికి తెలియకుండానే ఉండొచ్చు. ఆ స్థితిలో ఒంటిని కష్టపెడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంటుంది. జ్వరంలో ఆటలూ జిమ్మూ వద్దని డాక్టర్లు చెప్పేది ఇందుకే. కారులో కూర్చుంటే వ్యాయామం ఏముందిలే అనుకోకు. సెషన్ దిగగానే నాడి పట్టుకుని చూసుకున్న ఎవరినైనా అడుగు.

2023 అక్టోబర్ 8న జరిగిన ఫార్ములా వన్ రేసు, ఖతార్ గ్రాండ్ ప్రీ గుర్తుందా? రాత్రి రేసే, అయినా ఉక్కపోత. విలియమ్స్ డ్రైవర్ లోగన్ సార్జెంట్‌కి ఆ వారం మొదట్లో ఫ్లూ లాంటి నలత. తేరుకున్నాడనుకుని రేసు ఎక్కాడు. ఒళ్లు నీరసించిపోయి మధ్యలోనే కారు గ్యారేజీకి తెచ్చి దిగిపోయాడు, పక్కనుంచి పట్టుకుని తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆగిపోవడంలో తప్పేమీ లేదని టీమే రేడియోలో అతనికి చెప్పింది. అదే రేసులో ఇంకో డ్రైవర్ ఎస్తెబాన్ ఒకాన్ హెల్మెట్‌లోనే వాంతి చేసుకున్నాడు. వీళ్లు ఏడాది పొడవునా ట్రైనర్‌ని పక్కన పెట్టుకుని, వేడిలో సాధన చేసే మనుషులు. మనం సోమవారం నుంచి శుక్రవారం దాకా ఏసీ గదిలో కూర్చునేవాళ్లం.

ఇంకా నయమైన ఉదాహరణ అప్పటి ఫెరారీ డ్రైవర్ కార్లోస్ సైంజ్‌ది. 2024 మార్చిలో సౌదీ అరేబియా రేసు వారం. గురువారం కడుపునొప్పితోనే ప్రాక్టీస్ చేశాడు. శుక్రవారం అపెండిసైటిస్ అని తేలింది, సర్జరీ చేశారు. ఫెరారీ అతని సీట్లో 18 ఏళ్ల ఆలివర్ బేర్‌మన్‌ని కూర్చోబెట్టింది. ఆ కుర్రాడు ఏడో స్థానంలో వచ్చాడు. సైంజ్ ఆ సీజన్ తర్వాత ఫెరారీలో సీటు లేని మనిషి, అతనికి ప్రతి రేసూ ఒక ఇంటర్వ్యూ లాంటిదే. అయినా పక్కకి తప్పుకున్నాడు. రెండు వారాల తర్వాత మెల్‌బోర్న్‌లో రేసు గెలిచాడు.

ఫార్ములా వన్ డ్రైవర్ నికీ లాడా 1976లో జపాన్‌లోని ఫుజీ ట్రాక్‌లో చేసింది నాకు మరీ ఇష్టం. ఆగస్టు 1న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్ ట్రాక్ మీద ప్రమాదంలో మంటల్లో కాలిపోయిన మనిషి, ఆరు వారాల్లో తిరిగొచ్చాడు. అక్టోబర్ 24న చివరి రేసుకి వచ్చేసరికి ఛాంపియన్‌షిప్‌లో మూడు పాయింట్లు ముందున్నాడు. కుండపోత వాన. కాలిన కనురెప్పలు సరిగ్గా ఆడవు. రెండు ల్యాపులు తిరిగి కారు లోపలికి తెచ్చి ఆపేశాడు. ఒక్క పాయింటు తేడాతో టైటిల్ అతనితో పోటీపడుతున్న జేమ్స్ హంట్‌కి పోయింది. లాడాని పిరికివాడని ఇవాళ ఎవరూ అనరు. 1977లో ఒకసారి, 1984లో ఇంకోసారి మళ్లీ ఛాంపియన్ అయ్యాడు. ప్రపంచ టైటిల్ వదులుకోవడం సబబే అనిపించినచోట, ట్రోఫీ కూడా లేని ఒక ఆదివారం వదులుకోవడానికి నువ్వు సిగ్గుపడాల్సిందేమీ లేదు. ట్రాక్ డే రేసు కాదు. అక్కడ గెలిచేదీ లేదు, ఓడేదీ లేదు.

హైవే సంగతి నువ్వు అడగలేదు, కానీ నాకు ట్రాక్ కంటే అదే ఎక్కువ దిగులు. విజయవాడ నుంచి అక్కడికి దాదాపు 450 కిలోమీటర్లు. ఒంగోలు, నెల్లూరు, తడ దాటుకుంటూ ఎనిమిది గంటలు అనుకో. మర్నాడు రోజంతా ట్రాక్. మళ్లీ ఆదివారం సాయంత్రమే అందరూ తిరుగు ప్రయాణం, సోమవారం ఆఫీసు కాబట్టి. మందు మత్తు, నీరసం, చీకటి, ఎదురుగా లారీల లైట్లు. ట్రాక్ మీద అందరూ ఒకే వైపు వెళ్తారు, ఎదురు వచ్చేవాడు ఉండడు, మార్షల్స్ ఉంటారు. నెల్లూరు దాటాక నువ్వు కునుకు తీస్తే జెండా ఊపేవాడు లేడు. పోయేది నువ్వొక్కడివే కాకపోవచ్చు, ఎదురుగా ఒక కుటుంబం ఉండొచ్చు. ఒంట్లో బాగోలేదని, దానివల్ల ఇతరులకి ప్రమాదమని తెలిసీ రోడ్డు మీద బండి నడపడం మోటారు వాహనాల చట్టం 186వ సెక్షన్ కింద నేరం కూడా. 2019 సవరణ తర్వాత మొదటిసారికి వెయ్యి, ఆ తర్వాత రెండు వేల దాకా జరిమానా. జరిమానా చిన్నదే, ఆ సెక్షన్ ఎందుకు పెట్టారో చూడమంటున్నాను.

కాగితాల సంగతి కూడా చూసుకో. ట్రాక్ లోపలికి వెళ్లేముందు మామూలుగా ఒక హామీ పత్రం మీద సంతకం పెట్టిస్తారు. "నేను ఆరోగ్యంగా ఉన్నాను, ఏం జరిగినా బాధ్యత నాదే" అన్న అర్థం వచ్చే మాటలు అందులో ఉంటాయి. మూడు రోజుల జ్వరంతో ఆ సంతకం పెడితే అది తప్పుడు సంతకం. మన మామూలు కారు ఇన్సూరెన్స్ రేసింగ్‌కీ, స్పీడ్ టెస్టింగ్‌కీ వర్తించదని పాలసీలోనే రాసి ఉంటుంది. ట్రాక్ మీద బండి గోడకి తగిలితే ఖర్చు నీదే అనుకుని వెళ్లాలి. ఆరోగ్యంగా ఉన్న రోజున ఆ రిస్క్ తీసుకోవడం వేరు.

డబ్బు గురించి. కట్టింది ఎలాగూ పోయింది, నువ్వు వెళ్లినా వెళ్లకపోయినా ఆ లెక్క మారదు. కానీ పూర్తిగా పోయిందని ఇప్పుడే అనుకోకు. వెనక్కి ఇవ్వకపోయినా, స్లాట్‌ని ఇంకొకరి పేరు మీదికి మార్చడానికో, తర్వాతి బ్యాచ్‌కి జరపడానికో చాలామంది నిర్వాహకులు ఒప్పుకుంటారు. వెయిటింగ్‌లో ఎవరైనా ఉంటే వాళ్లకీ మంచిదే. దీనికి ఒక్కటే షరతు, ఈరోజే ఫోన్ చేయాలి. ఆదివారం పొద్దున చేస్తే ఎవరూ ఏమీ చేయలేరు. జ్వరమని నిజమే చెప్పు. ట్రాక్ నడిపేవాళ్లకి జ్వరంతో వచ్చి గోడకి గుద్దే మనిషికంటే రాకుండా ఉండే మనిషే కావాలి.

బండి మీద పెట్టింది ఎక్కడికీ పోదు. ప్యాడ్లు అలాగే ఉంటాయి. కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ కొన్ని నెలలదాకా బాగానే ఉంటుంది. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది కాబట్టి నీ తర్వాతి ట్రాక్ డే ఏడాది దాటితే మాత్రం మళ్లీ మార్పించు.

ఫ్రెండ్స్‌కి ఏం చెప్పాలా అని నలుగుతున్నావని నీ ఉత్తరంలో తెలుస్తోంది. గ్రూపులో ఇలా పెట్టేయ్: "జ్వరం తగ్గలేదు, టెస్ట్ చేయించుకుంటున్నా. ఈసారి నేను రావట్లేదు, నిర్ణయం అయిపోయింది. మీరు వెళ్లండి, మలుపులన్నీ వీడియో తీసి పంపండి." "చూస్తాను", "ప్రయత్నిస్తాను" అని రాయకు. అలా రాస్తే శనివారం మధ్యాహ్నం వాళ్లు కారేసుకుని మీ ఇంటి ముందుకి వస్తారు. "నడపకపోతే నడపకు, మాతో కూర్చుని రా, చూసి వద్దువుగాని" అంటారు. దానికీ వద్దనే చెప్పు. డెంగీ అనుమానం తీరకుండా ఇంటికీ డాక్టరుకీ ఎనిమిది గంటల దూరంలో, ఎండలో పడిగాపులు పడటం నీకు మంచిది కాదు. ఫ్లూ అయితే, మూసిన కారులో పక్కన కూర్చున్నవాళ్లకీ అంటిస్తావు.

అమ్మ వద్దంటోందని రాశావు. ఆవిడకి ట్రాక్ అంటే ఏమిటో తెలియకపోవచ్చు. మంగళవారం నుంచి నీ నుదుటి మీద చెయ్యి వేసి చూస్తున్నది మాత్రం ఆవిడే. ఈ విషయంలో నీకున్న ఫ్రెండ్స్ అందరికంటే, నాకంటే, ఆవిడకే ఎక్కువ తెలుసు.

మరి ఎప్పుడు ఎక్కొచ్చు? ఒట్టి ముక్కు జలుబు ఉండి, జ్వరం లేకుండా, మత్తు బిళ్లలు వేసుకోకుండా, రాత్రి బాగా నిద్రపోయి ఉంటే, మొదటి సెషన్ సగం స్పీడ్‌లో తిరిగి చూసుకోమంటాను. జ్వరం, ఛాతీలోంచి వచ్చే దగ్గు, ఒళ్లు నొప్పులు, వాంతులు, విరేచనాలు, కళ్లు తిరగడం, మైగ్రేన్, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఎక్కొద్దు. జ్వరం వచ్చి తగ్గినవాళ్లకి నేను పెట్టే లెక్క ఇది: ఏ బిళ్లా లేకుండా వారం రోజులు జ్వరం రాకూడదు, ఆకలీ నిద్రా మామూలుగా ఉండాలి, మూడు అంతస్తులు మెట్లెక్కితే ఆయాసం రాకూడదు. డెంగీ అని తేలితే నా లెక్క పక్కన పెట్టు, డాక్టర్ ఎప్పుడు సరే అంటే అప్పుడే.

ఈరోజు చేయాల్సినవి చెబుతాను. ఇది చదవగానే దగ్గర్లో డాక్టర్ దగ్గరికి వెళ్లు. కారు నువ్వు నడపకు, ఎవరినైనా తీసుకెళ్లమను. జ్వరం మంగళవారం మొదలైందని, కళ్ల వెనక నొప్పి ఉందని గుర్తుపెట్టుకుని చెప్పు. ప్లేట్‌లెట్లు, రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ, డెంగీ టెస్టు రాస్తారు. డెంగీకి చేసే ఎన్‌ఎస్1 అనే పరీక్ష జ్వరం మొదలైన తొలి రోజుల్లోనే బాగా పనిచేస్తుంది, అందుకే రేపటికి వాయిదా వేయకు. ప్లేట్‌లెట్లు ఒకసారి బాగున్నాయని వచ్చినా, మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో అడిగి రా. నీళ్లు, ఓఆర్‌ఎస్, కొబ్బరినీళ్లు, మజ్జిగ మానకు. కడుపులో తీవ్రంగా నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచో ముక్కులోంచో రక్తం, చేతులు కాళ్లు చల్లబడి విపరీతమైన నీరసం, వీటిలో ఏది కనిపించినా అర్ధరాత్రయినా ఆసుపత్రికే. జ్వరం లేదు కదా అని ఆగొద్దు.

తర్వాత నిర్వాహకులకి ఫోన్, గ్రూపులో మెసేజ్. ఆ రెండూ అయ్యాక ఫోన్ పక్కన పడేసి పడుకో. రిపోర్టులు వచ్చాక ఒక ముక్క రాయి, నాకూ దిగులుగానే ఉంది. కొత్త తేదీ ఖాయమయ్యాక మళ్లీ రాస్తే, సీ వన్‌లోకి మొదటిసారి ఎలా దిగాలో, నీ పోలోకి టైర్లలో గాలి ఎంత పెట్టాలో అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం.